పేరు కింద నీలం గీత

దెయ్యాల సంగతి ఎవరైనా చెప్పబోతే నేను ముందుగా మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ వేళప్పుడు జరిగింది, అక్కడ ఇంకెవరున్నారు, కరెంటు ఉందా పోయిందా అని. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే అలాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. నాకు జరిగింది రాస్తున్నాను కాబట్టి ఆ మూడు జవాబులూ ముందే ఇచ్చేస్తాను. పట్టపగలు, భోజనాలయ్యాక. మావారు వరండాలో పడుకుని ఉన్నారు. కరెంటు ఉంది.

మాది నూజివీడు. మామిడికాయల కమిషన్ వ్యాపారం. ముందు గది కొట్టు, వెనక ఇల్లు. తోటలు తిరిగి కాపు చూసి రావడం మావారి పని. లెక్కలు, తారీకులు నా పని. పెళ్ళయిన ఏడాది నుంచీ అంతే. ఇప్పుడు నాకు డెబ్భై ఒకటి.

సుగుణ మావారి చెల్లెలు, నాకు ఆడపడుచు. నాకంటే మూడేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మేం గుచ్చి అడగలేదు, తను చెప్పలేదు. ఊళ్ళోనే ఒక కాలేజీలో మొదట లెక్కలు, తర్వాత కంప్యూటర్లు చెప్పి రిటైరయింది. కొట్టును ఆనుకుని ఉన్న గది తనది. మధ్యలో ఒక తలుపు. ఒకే ఇంట్లో నలభై ఏడేళ్ళు ఉన్నాం. మావారు ఎక్కువగా తోటల్లో ఉండేవారు కాబట్టి, నా జీవితంలో మాటల లెక్క తీస్తే సుగుణతో మాట్లాడినవే ఎక్కువ తేలతాయి.

నేను కొట్టులో కూర్చుని "సుగుణా" అంటే చాలు, పక్క గదిలోంచి "ఆఁ వదినా, ఇదిగో" అనేది. పలకడం మొదటి పిలుపుకే. రావడం మాత్రం తన తీరిక. చేతిలో పని అయ్యేదాకా లేచేది కాదు. ఈ విషయంలో మా ఇద్దరికీ రోజూ తగువే.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక కొట్టు కోసం ఒక ప్రోగ్రామ్ రాసింది. ఇంటర్నెట్టుతో పని లేదు, మా కంప్యూటర్లోనే నడిచేది. తెరిస్తే మేం కొన్నేళ్ళకని గుత్తకు తీసుకున్న తోటల పేర్లు వరసగా కనిపించేవి. బాపులపాడు వైపువి, చింతలపూడి వైపువి, మా ఊరి చుట్టుపక్కలవి. మావారు ఫోనులో తీసుకొచ్చిన ఫోటోలు నేను ఎక్కిస్తే ఏ తోటవి ఆ తోట కింద చేరేవి. పూత నాటివి, పిందె నాటివి, కోత ముందువి. కాపు ఎంత నిలబడిందో కుర్చీలోంచి లేవకుండా పోల్చి చూసుకోవచ్చు.

మొదట్లో ప్రతి పేరు పక్కన ఒక చిన్న బటన్ పెట్టింది. నాకు చూపు తగ్గింది, చెయ్యి కొంచెం వణుకుతుంది. ఒకటి నొక్కబోతే ఇంకొకటి నొక్కుకునేది.

"నువ్వుల గింజలంత బటన్లు పెడితే ఎవరు నొక్కుతారు? పేరు ఇంత పెద్దగా ఉందిగా, పేరు మీదే నొక్కితే ఫోటోలు రావా?" అన్నాను.

"అది లేబుల్ వదినా. గోడ మీద రాసిన పేరు లాంటిది. నొక్కితే పలకదు."

"పలికేట్టు చెయ్యి మరి. ఇన్నేళ్ళు పిల్లలకి ఏం చెప్పావు?"

"చేస్తా ఆడిటరు గారూ, చేస్తా. ముందు కాఫీ ఇప్పించండి."

కోపం వచ్చినప్పుడల్లా నన్ను ఆడిటరు గారూ అనేది.

చేసింది. అది ఎలా చేసిందో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది కాబట్టి నాకు తెలుసు. మామూలు లేబుల్ తీసేసి, లింకు లేబుల్ అనే ఇంకో రకం పెట్టాలి. అందులో ఎన్ని అక్షరాలు వదిలి, ఎన్నింటి కింద గీత గీయాలో చెప్పాలి. అప్పుడు ఆ మాట నీలంగా మారి కింద గీత పడుతుంది. దాని మీదికి వెళ్తే మౌసు బాణం చెయ్యిగా మారుతుంది. నొక్కితే ఏది తెరవాలో మళ్ళీ వేరే రాయాలి. ఇవన్నీ మనిషి కూర్చుని రాస్తేనే జరుగుతాయి. దీన్ని గుర్తుంచుకోమని చదివేవాళ్ళను కోరుతున్నాను.

మొదటిరోజు పెద్ద నవ్వులాట అయింది. సీతయ్య తోట అన్న పేరులో సీతయ్యకి మాత్రమే గీత కావాలి. మూడక్షరాలే కదా అని సుగుణ మూడు అని రాసింది. తీరా చూస్తే "సీత" కింద గీత పడి అక్కడే ఆగిపోయింది. కంప్యూటరు గుడి దీర్ఘాన్ని వేరే, ఒత్తును వేరే లెక్కపెడుతుందట.

"చూడు వదినా, సీతయ్య గారి తోటని ఆడవాళ్ళ పేరు మీద రాసేసింది," అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత తోటల పేర్లన్నిటికీ గుణింతాలూ ఒత్తులూ విడదీసి లెక్క చెప్పింది నేనే. తను టైపు చేసింది. ఆ సాయంత్రాలు నాకు బాగా గుర్తున్నాయి.

నేను ఇంకొకటి కూడా అడిగాను. ఏ తోట చూశానో, ఏది చూడలేదో మర్చిపోతున్నాను, చూసినదానికి ఏదైనా గుర్తు ఉండాలని. అది తేలికట. ఒకసారి నొక్కిన పేరు ఊదా రంగుకు మారేట్టు పెట్టింది. ప్రోగ్రామ్ మూసేస్తే ఆ గుర్తులు పోయి, మర్నాడు మళ్ళీ అన్నీ నీలంగానే వచ్చేవి. మర్నాటికీ నిలవాలంటే దాన్ని ఎక్కడైనా దాచేట్టు రాయాలి, రాయమంటావా అని అడిగింది. అక్కర్లేదు, ఏ రోజుకారోజు కొత్తగా చూసుకుంటానన్నాను.

అన్ని పేర్ల కింద, చివర్లో, చిన్న నల్ల అక్షరాలతో "తయారీ: సుగుణ" అని ఉండేది. అది మామూలు లేబుల్.

"అందరి పేర్లకీ లింకులు పెట్టావు, నీ పేరుకి పెట్టుకోలేదేం?" అని ఒకరోజు వేళాకోళం చేశాను.

"నా పేరు నొక్కి ఎక్కడికి వెళ్తావు? పక్క గదిలోనే ఉన్నాగా. కేకేస్తే పలుకుతా," అంది.

తను పోయింది మాఘమాసంలో. తోటలన్నీ పూత మీద ఉన్నాయి. నాలుగు రోజులుగా ఆయాసం ఉంటే విజయవాడలో చూపిద్దామని మావారు కారు పిలిపించారు. తనే తయారయింది, చీర కుచ్చిళ్ళు సరిచూసుకుంది, తనే నడిచి గుమ్మం దిగింది. నేను కొట్టులోంచి చూస్తున్నాను. అప్పుడు కనిపించింది, తన కళ్ళజోడు కీబోర్డు మీదే ఉండిపోయిందని.

మా ఇంట్లో బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవరు. మా అత్తగారి దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి. సుగుణ కంప్యూటర్లు చెప్పినా ఈ ఒక్కటీ గట్టిగా పట్టించుకునేది. కోతకు బయల్దేరిన కూలీలు కాయలు కోసే చిక్కం కర్ర మర్చిపోయినా వెనక నుంచి కేక వేయనిచ్చేది కాదు. దాన్ని పట్టుకుని చుట్టూ తిరిగి, ఎదురు వెళ్ళి ఇవ్వాల్సిందే. మా కొట్టులో పనిచేసినవాళ్ళందరికీ ఇది అలవాటే.

నేనూ అదే చేశాను. కళ్ళజోడు తీసుకుని పక్క సందులోంచి చుట్టూ తిరిగి కారుకు ఎదురు వెళ్దామనుకున్నాను. నాకు మోకాళ్ళ నొప్పులు, గబగబా నడవలేను. నేను రోడ్డెక్కేసరికి కారు మలుపు తిరుగుతోంది. సాయంత్రం, వెంట వెళ్ళిన మావారు ఆసుపత్రి నుంచి ఫోను చేశారు.

చేసింది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అది సుగుణ ఇల్లు, సుగుణ పద్ధతి. కానీ "సుగుణా" అన్న ఆ పిలుపు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పిలిచి ఉంటే వెనక్కి తిరిగేది. ముఖం ఒకసారి చూసి ఉండేదాన్ని. నాకు కావాల్సింది అంతే. నలభై ఏడేళ్ళలో పిలిచిన పిలుపులన్నిటికంటే, పిలవని ఆ ఒక్కటే నాకు రోజూ గుర్తొస్తుంది.

తన మంచం, బట్టలు ఇచ్చేశాం. ఆ గదిలో ఇంటి వాడకానికి రసాలు గడ్డిలో పండేసుకోవడం మొదలుపెట్టాం. ఎలుకలు వస్తాయని మధ్య తలుపుకు కొట్టు వైపు నుంచి గడియ పెట్టేదాన్ని. వీధి వైపు తలుపుకు లోపల్నుంచి అడ్డగడియ. కళ్ళజోడు మాత్రం కంప్యూటర్ పక్కనే ఉంచుకున్నాను.

ప్రోగ్రామ్ రోజూ తెరిచేదాన్ని. పని అయ్యాక అప్పుడప్పుడు బాణాన్ని కిందికి తీసుకెళ్ళి తన పేరు మీద నొక్కేదాన్ని. ఎందుకంటే ఏం చెప్పను. చెయ్యి అటు పోయేది. ఏమీ జరిగేది కాదు. లేబుల్ కదా, నొక్కితే పలకదు. ఇలా ఏడాది పైన గడిచింది.

ఆ మరుసటి సీజనుకు కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. తెరవడానికే బోలెడు సేపు. మావారు విసుక్కున్నారు. "ఇంకా ఎన్నాళ్ళు దీన్ని ఈడుస్తావ్? కొత్తది కొందాం, దీన్ని పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దాం," అన్నారు. సుగుణ దగ్గర చదువుకున్న లావణ్య అనే అమ్మాయి విజయవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఆదివారం వచ్చి ప్రోగ్రామ్‌ని కొత్త కంప్యూటర్లోకి మారుస్తానంది. సరేనన్నాను. మనసులో మాత్రం ఆ ఆదివారం రాకపోతే బాగుండుననిపించింది. తను వేళ్ళు పెట్టి రాసిన కీబోర్డు, తను కూర్చున్న చోటు, అన్నీ పోతున్నట్టే ఉంది.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం. వైశాఖం, ఎండ పేలిపోతోంది. పొద్దున లోడు పంపేసి, భోంచేసి, మావారు వరండాలో నవారు మంచం మీద పడుకున్నారు. కొట్టులో నేనొక్కదాన్నే. ఫ్యాను తిరుగుతోంది. మర్నాడు కోయాల్సిన తోట ఫోటోలు చూద్దామని ప్రోగ్రామ్ తెరిచాను.

తోటల పేర్లన్నీ ఎప్పటిలాగే నీలంగా వచ్చాయి. కింద, సుగుణ పేరు కూడా నీలంగా ఉంది.

కళ్ళు తుడుచుకుని దగ్గరగా చూశాను. "తయారీ" అన్న మాట నల్లగానే ఉంది. దాని కింద గీత లేదు. పేరు ఒక్కటే నీలం. గీత సరిగ్గా పేరు మొదట్లో మొదలై పేరు చివర ఆగింది. నాకు లెక్క అలవాటు కాబట్టి అప్రయత్నంగానే లెక్కపెట్టాను. కంప్యూటరు లెక్కన ఏడు వదిలి అయిదింటికి గీత గీయమని చెబితే తప్ప అలా పడదు. ముందు రోజు అదే పేరు నల్లగా ఉండగా నేను చూశాను.

బాణం తీసుకెళ్ళి దాని మీద పెట్టాను. చెయ్యిగా మారింది.

నాకు భయం వేయలేదు. ఇన్నాళ్ళకి మారేట్టు తనే ఎప్పుడో రాసి పెట్టిందేమో అనుకున్నాను. నొక్కితే తన ఫోటో ఏదైనా వస్తుందని ఆశ పుట్టింది. నొక్కాను.

తెర మీద ఏమీ తెరుచుకోలేదు.

పక్క గదిలోంచి "ఆఁ వదినా, ఇదిగో" అని వినిపించింది.

బిగ్గరగా కాదు. ఎవరినో తలుచుకుంటే మనసులో వినపడేలాంటిదీ కాదు. పని మధ్యలో తల ఎత్తకుండా పలికినప్పటి గొంతు, తలుపు అవతల నుంచి వచ్చినట్టే వచ్చింది. ఆ కంప్యూటరుకు స్పీకర్లు లేవు. ఉన్నవి పాడైతే సుగుణే పీకేసింది.

నేను వెంటనే అన్న మాట ఏమిటంటే, "కళ్ళజోడు మర్చిపోయావు."

ఆ మాట నోటివెంట దానంతటదే వచ్చింది. లేచి గడియ తీశాను. గదిలో గడ్డి, గడ్డిలో రసాలు, పండిన వాసన. వీధి తలుపు అడ్డగడియ వేసింది వేసినట్టే ఉంది. ఎవరూ లేరు. ఉంటారని నేను అనుకున్నానో లేదో కూడా చెప్పలేను. కళ్ళజోడు మాత్రం చేతిలో పట్టుకునే వెళ్ళాను.

అప్పుడు వరండాలోంచి మావారి గొంతు. "ఏంటి, సుగుణ ఇదిగో అంటోంది, ఎవరొచ్చారు?"

నిద్రలో ఉన్న మనిషి అడిగినట్టే అడిగారు. తర్వాత మంచం కిర్రుమంది. ఆయన లేచి కూర్చున్నారని తెలిసింది. నేను గుమ్మంలోకి వెళ్ళేసరికి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు.

"కల వచ్చింది," అన్నారు.

అదే మాట, అప్పుడే ఆయన కలలోకి ఎలా వచ్చిందని నేను అడగలేదు. అడిగితే ఆ తువ్వాలు తీయాల్సి వస్తుంది. మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వచ్చాను.

తిరిగి వచ్చి చూస్తే సుగుణ పేరు ఊదా రంగులో ఉంది.

ఆదివారం లావణ్య వచ్చింది. వినిపించిన సంగతి తనకు చెప్పలేదు. పేరు రంగు మారిందని మాత్రం చూపించాను. శుక్రవారం నుంచి కంప్యూటరు రెండుసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేశాం. తోటల పేర్లు ఎప్పటిలాగే మళ్ళీ నీలంగా వచ్చాయి. సుగుణ పేరు ఒక్కటే ఊదాగా నిలిచిపోయింది.

"మేడమ్ గారు లింకు పెట్టుంటారు ఆంటీ, దీనికేముంది," అంటూ కూర్చుంది. సుగుణ రాసిన అసలు కోడు తెరిచింది. మొదట్లో మాట్లాడుతూనే ఉంది. తర్వాత అదే చోటుకి రెండుమూడుసార్లు వెనక్కి వెళ్ళి చదివింది.

"ఇది మామూలు లేబులే ఆంటీ. లింకు లేదు, నొక్కితే ఏం చెయ్యాలో రాసీ లేదు. రంగు గుర్తుంచుకోమని కూడా ఎక్కడా లేదు."

"మరి?"

"అదే అర్థం కావట్లా. లేబుల్‌కి లింకు దానంతటది రాదండీ. ఎవరో ఒకళ్ళు రాసి, ప్రోగ్రామ్ మళ్ళీ తయారుచెయ్యాలి. ఈ ఫైలు చూడండి, మేడమ్ గారు ఉన్నప్పటిదే. ఆ తర్వాత మారలా."

అదే ఫైలును తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని తెరిచింది. అందులో పేరు నల్లగా ఉంది. మా కంప్యూటర్లో ఊదాగా ఉంది. పక్కపక్కన పెట్టి ఫోనులో ఫోటో తీసింది. ఫోటోలోనూ అలాగే పడింది. బయటివాళ్ళెవరైనా మార్చారా అంటే దానికి ఇంటర్నెట్టే లేదు. ఇంట్లో నేను తప్ప దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు. మావారికి మౌసు పట్టుకోవడం రాదు.

తను బాణాన్ని ఆ పేరు మీద పెట్టింది. చెయ్యిగా మారింది. "నొక్కనా ఆంటీ?" అంది.

"వద్దమ్మా," అన్నాను.

లావణ్య నా వంక చూసి, ఏమనుకుందో, మౌసు వదిలేసింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దిగి, వెనక్కి తిరగకుండా, "మేడమ్ గారి పద్ధతే ఆంటీ, నేనేమైనా మర్చిపోయుంటే పిలవకుండా ఫోను చెయ్యండి," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

కొత్త కంప్యూటరు వచ్చింది. చక్కగా పనిచేస్తోంది. అందులో సుగుణ పేరు నల్లగానే ఉంది. పాతది ఇచ్చేయడానికి నేను ఒప్పుకోలేదు. పక్క గదిలోకి మార్పించాను. దాన్ని మోయించింది మావారే, పాతసామాన్ల మాట మళ్ళీ ఎత్తలేదు. రోజూ భోజనమయ్యాక కాసేపు దాన్ని తెరిచి కూర్చుంటాను. ఆ తోటలు ఇప్పుడు చాలావరకు వేరేవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. అయినా పేర్లన్నీ నీలంగా వస్తాయి. తనది ఊదాగా వస్తుంది. ఊదా అంటే ఒకసారి వెళ్ళి చూసి వచ్చినట్టు గుర్తు. ఆ గుర్తు అడిగి పెట్టించుకుంది నేనే. ఎక్కడికి వెళ్ళి వచ్చానో నాకు తెలియదు. లావణ్యకు తెలియలేదు. తను ఆఫీసులో ఇంకో ఇద్దరిని అడిగిందట, వాళ్ళూ చెప్పలేకపోయారు. కూడికలో తేడా వస్తే దొరికేదాకా వదలని మనిషిని. ఇది దొరకలేదు.

మళ్ళీ ఎందుకు నొక్కలేదని ఈ మధ్య లావణ్య ఫోనులో అడిగింది. ఆ పిల్లకు అప్పటికి అంతా చెప్పేశాను. నొక్కాలని రోజూ ఉంటుంది. చెయ్యి అక్కడిదాకా వెళ్తుంది కూడా. కానీ సుగుణను నేను ఎన్నడూ రెండోసారి పిలవలేదు. ఆ అవసరం రాలేదు. తను మొదటి పిలుపుకే పలికేది. రావడానికే ఆలస్యం చేసేది.

మధ్య తలుపుకు గడియ వేయడం మానేశాను. ఎలుకలు వస్తున్నాయి, రానిమ్మన్నాను.